తిప్పి పంపిన చేపలు

టీవీ సీరియల్లో పోలీసులంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. వాళ్ల చొక్కాకి చెమట పట్టదు. కానిస్టేబుల్ ఇల్లు కల్యాణ మండపమంత ఉంటుంది. అతని భార్య పట్టుచీర కట్టుకుని పప్పుకి తాలింపు పెడుతుంది. మా ఆయన హెడ్ కానిస్టేబుల్. మల్కాపురంలో మేముండే రెండు గదుల్లో ఆయన యూనిఫాం ఆరేస్తే మనిషి నడవడానికి దారుండదు. రిఫైనరీ వైపు నుంచి గాలి కొట్టిందంటే ఉతికిన బట్ట మళ్లీ ఉతుక్కోవాలి. అలాంటి నేను ఒక సీరియల్ గురించి రాయడానికి కూర్చున్నానంటే, అది మా ఇంటి మనిషిని ఒకర్ని తీసుకుపోయింది కాబట్టే.

ఆ మనిషి మా బావగారు, మా ఆయనకి సొంత అన్న. వాళ్లది వేట కుటుంబం, ఒడ్డునే ఇల్లు. మా మామగారు వేటకి వెళ్లి తిరిగి రాలేదట. అప్పటికి బావగారికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. బడి మానేసి పడవ ఎక్కారు, తమ్ముణ్ని మాత్రం బడి మాననివ్వలేదు. పోలీసు సెలక్షన్లలో పరుగు ఉంటుందని ఎవరో చెబితే, తెల్లారకముందే తమ్ముణ్ని లేపి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో తనూ పక్కనే పరిగెత్తేవారట. ఉద్యోగం వచ్చిన రోజు వీధి వీధంతా తిరిగి ‘మావోడు పోలీసు’ అని చెప్పుకున్నారు. కొన్నేళ్లు తిరిగేసరికి ఆ పోలీసులే ఆయన మీద రౌడీషీట్ తెరిచారు.

ఆయన మంచివారని నేను చెప్పను. హార్బర్ బయట లంగరేసి ఉన్న ఓడల నుంచి దొంగ డీజిల్ దించుకొచ్చే పడవల్లో సగం ఆయన మాట మీదే నడిచేవి. డ్రమ్ములు ఒడ్డు చేరితే అక్కణ్నుంచి లారీలకి వెళ్లిపోయేవి. ఆయన పైన ఇంకా పెద్దవాళ్లున్నారు. వాళ్ల పేర్లు మా ఇంట్లో ఎవరూ పలకరు. అడ్డొచ్చిన కాపలా మనిషిని ఒకసారి వీళ్ల కుర్రకారు కొడితే, పాపం అతని కుడి చెయ్యి ఇప్పటికీ భుజం పైకి లేవదు. బజార్లో అతను ఎడమ చేత్తో వంకాయలు ఏరుకుంటుంటే చూసి, నేను ఆ పక్కకి పోలేక కూరలు కొనకుండానే ఇంటికొచ్చేశాను. అయినా బావగారు మా గుమ్మంలోకి వచ్చి ‘అమ్మాయ్, మంచినీళ్లు’ అంటే నాకు కోపం నిలిచేది కాదు. నా మీద నాకే చిరాకేసేది.

రౌడీషీటర్లని ఆదివారం ఆదివారం స్టేషన్‌కి పిలిపిస్తారు. దానికి కౌన్సెలింగ్ అని పేరు. అందరూ వరండాలో నేల మీద వరసగా కూర్చోవాలి, పేరు పిలిస్తే పలకాలి, బుద్ధిగా ఉంటామని చెప్పి వెళ్లాలి. ఆ పేర్లు పిలిచే పని మా ఆయనది. ఇంట్లో అన్న నిలబడి ఉంటే ఈయన కూర్చునే మనిషి కాదు. అక్కడ ఈయన కుర్చీలో, అన్న నేల మీద. పేరు పిలిస్తే బావగారు ‘ఉన్నానండి’ అనేవారట. చేత్తో అన్నం పెట్టి పెంచిన తమ్ముణ్ని అండీ అనేవారు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరం ఎవరితోనూ మాట్లాడేవాళ్లం కాదు. బదిలీ పెట్టుకోమని నేను పోరితే, పెట్టానని, పైవాళ్లు పక్కన పడేశారని చెప్పారు. అన్న ఆనుపానులు తెలిసిన తమ్ముడు చేతికింద ఉండటం వాళ్లకి బాగానే ఉంది మరి.

ఇక చేపల సంగతి. వేట బాగా పడితే, వేటకి పోని అన్నదమ్ముల ఇళ్లకి కూడా కూరకి సరిపడా పంపడం మా అత్తవారి వైపు ఆనవాయితీ. అలా వచ్చినవి వద్దనకూడదు. వద్దంటే ఇక నీకూ నాకూ పొత్తు లేదన్నట్టు లెక్క. నేను ఎలమంచిలి నుంచి కోడలిగా వచ్చినప్పుడు మొట్టమొదట నేర్పింది ఇదే. శనివారం పొద్దున్నే మా తోటికోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, నెత్తి మీద బేసిన్‌తో అమ్మకానికి బయల్దేరేది. ముందు మా గుమ్మం దగ్గర దించి, బావగారు ఏరి పెట్టిన కానాగంతలో, నెత్తళ్లో నా గిన్నెలో వేసి అప్పుడు వీధిలోకి పోయేది.

ఒక శనివారం మా ఆయన లోపలి నుంచే చేపలు వద్దని చెప్పించారు. కడుపులో బాలేదన్నారు. అక్క ముఖం ముడుచుకుని బేసిన్ ఎత్తుకుంది. మర్నాడు ఒడ్డు మీద రైడ్ జరిగింది. వెళ్లినవాళ్లకి దొరికినవి ఉప్పుగాలి, రెండు కుక్కలు, కడిగి బోర్లించిన డ్రమ్ములు. కొన్నాళ్లకి మళ్లీ అదే జరిగింది, మళ్లీ కడుపులో బాలేదు, మళ్లీ డ్రమ్ములు ఖాళీ. అప్పుడు నాకు భయం పుట్టింది. కావాలనే కబురు పంపుతున్నారా అని మొహం మీదే అడిగేశాను. ఆయన బెల్టు తుడవడం ఆపారు. స్టేషన్ భాష అంతా ఊడిపోయి, ఒడ్డు మాట బయటికొచ్చింది.

“రేపు అట్టుకోబోయే మనిషి సేపలు ఇయ్యాల ఎలా తింతాను? నాను అన్నకేటీ సెప్పలేదు. నాకు ముద్ద దిగలేదు, అంతే.”

ఆ మాట నిజమే. కానీ ముద్ద దిగకపోవడం కూడా ఒక కబురేనని ఈయనకి తెలియదనుకోను. తెలిసి చేస్తున్నారా, చెయ్యకుండా ఉండలేకపోతున్నారా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయనకీ తేలి ఉండదు.

ఆ రోజుల్లోనే సీరియల్ వాళ్లు షూటింగ్‌కి వచ్చారు. పోర్టు దొంగలు, పోలీసులు, అదీ కథ. జనాన్ని అదుపు చెయ్యడానికి మా ఆయన్ని బందోబస్తుకి వేశారు. కథ రాసే ఆయన హైదరాబాద్ మనిషి, నలభై దాటిన వయసు, నెమ్మదస్తుడు. ఈయనతో స్నేహం కలిసి రెండుసార్లు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పులుసు బాగుందని మనస్ఫూర్తిగా అన్నాడు. తర్వాత, స్టేషన్లో పనిచేసేవాడికి తనవాళ్లే అవతలి పక్కన ఉంటే ఏం చేస్తాడండీ అని అడిగాడు. అన్ని సంవత్సరాల సర్వీసులో మా ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ సరిగ్గా అడగలేదు, దెబ్బలాడాను అంతే. ఈయన మొదలుపెట్టారు. ఎక్కడో వేరే స్టేషన్లో ఒక కానిస్టేబుల్ ఉండేవాడని, అతనికి ఒక అన్న అని. వంటింట్లో నేను గరిటె పళ్లెం మీద కొట్టాను, దగ్గాను, నీళ్లు కావాలా అని రెండుసార్లు కేకేశాను. ఊహూఁ. చేపలు తిప్పి పంపడం దాకా చెప్పి, అప్పుడు చెయ్యి కడుక్కున్నారు. ఆ పూట ఆయన ముఖం తేటగా ఉంది. అది చూసి నేను తిట్టడం మానేశాను.

ఆ ముక్క టీవీలో వచ్చిన రోజు భోజనాల వేళ మేమిద్దరం చూస్తున్నాం. ఎర్రగా బుర్రగా ఉన్న కానిస్టేబుల్, ఈత బుట్టలో తళతళలాడే చేపలు, వెనక ఏడుపు సంగీతం. అతను కళ్లనిండా నీళ్లతో బుట్ట వెనక్కి తోశాడు. తర్వాతి సీన్లో దొంగలు సరుకంతా మోసుకుని పడవెక్కి పోయారు. రాసినాయన పాపం ఒక్క మాట కూడా చెడగొట్టలేదు. మా ఆయన మంచినీళ్లకని లేచి వెళ్లి, వంటింట్లో దీపం కూడా వెయ్యకుండా నిలబడిపోయారు.

మర్నాడు స్టేషన్లో అందరూ అదే ఆట. బావా, ఈ వారం చేపలొచ్చాయా, కడుపు ఎలా ఉంది అని. నవ్వులాటలా ఉన్నంతసేపు ఫర్వాలేదు. సాయంత్రం సీఐ గారు పిలిచారు. తిట్టలేదు. కూర్చోమన్నారు. సీరియల్ బాగుందని, తనింట్లో కూడా చూస్తున్నారని చెప్పి, ఈ ఆదివారం తెల్లారుతూనే ఒడ్డు మీదికి వెళ్తున్నామని తనే చెప్పారు. ఎప్పుడూ ముందురోజు దాకా దాచే మాట అది. ఈయన ఫోన్ తన బల్ల మీద పెట్టించుకున్నారు. తర్వాత ఒక్క మాట అన్నారు.

“ఈసారి చేపలు వెనక్కి వెళ్లకూడదు. మీ ఆవిడ వండుతుంది, నువ్వు తింటావు.”

తినకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు. అన్నతో పాటు అదే కేసులో ఈయన పేరూ రాస్తారు. నన్ను కూడా ఎవరికీ ఫోన్ చెయ్యొద్దని చెప్పించారు. శుక్రవారం నుంచి మా ఎదురుగా టీ కొట్టు దగ్గర మఫ్టీలో ఒకతను కూర్చున్నాడు. ఒకప్పుడు మా ఇంట్లో టీ తాగిన మనిషే. నన్ను చూసి తల దించుకున్నాడు.

శనివారం అక్క వచ్చింది. బేసిన్ దించింది. మా ఆయన బనీనుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాకు నోరు లేదా? నేను పాఠాలు చెప్పే బడిలో నా గొంతు పక్క క్లాసు దాకా వినిపిస్తుందని హెడ్‌మాస్టారు విసుక్కుంటారు. ఆ పొద్దున్న ఒక్క మాట పెగల్లేదు. చెబితే మొగుడు పోతాడు, చెప్పకపోతే బావగారు పోతారు. మాట కాకపోతే ఒక సైగ, కంటితో ఒక చూపు చాలు. ఆ చూపు చూద్దామంటే కళ్లు బేసిన్ మీంచి పైకి లేవలేదు. అక్క ఎప్పటిలా బేరాల గురించీ, మోకాలి నొప్పి గురించీ మాట్లాడుతూ, మామూలు కంటే పెద్ద కానాగంతలు ఏరి నా గిన్నెలో వేసి, బేసిన్ ఎత్తమని నా చెయ్యి అడిగింది. ఎత్తాను. వెళ్లిపోయింది.

వండాను. మా ఆయన తిన్నారు. ఒక్కో ముక్కా ముల్లు తీసి, నమిలి, మింగి, పళ్లెం ఖాళీ చేసి లేచారు. మనిషి అన్నం తినడం చూసి నాకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. నా పళ్లెంలో అన్నం అలాగే ఉండిపోయింది.

ఆదివారం తెల్లారుతుండగా వెళ్లారు. డ్రమ్ములన్నీ నిండుగా షెడ్డులో దొరికాయి. కుర్రాళ్లు ఒక్కరూ లేరు. బావగారు ఒక్కరే వల ముందేసుకుని కూర్చుని ఉన్నారట. పరిగెత్తలేదు, తిట్టలేదు. బేడీలు మా ఆయన చేతే వేయించారు. బావగారు చేతులు చాపి నవ్వారట. సీఐ గారు మా ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు, ఎదుటి టీ కొట్టు మనిషి ఆ సాయంత్రానికల్లా లేచిపోయాడు. పేపర్లో బావగారి ఫోటో వచ్చింది, ఫోటోలో పక్కన మా ఆయన భుజం కూడా ఉంది. పైనున్న పెద్దవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. బెయిలు రాకుండా పీడీ యాక్టు పెడతారని విన్నాం. అప్పటి నుంచీ మా ఆయనది ఒకటే మాట. అన్న తనని నమ్మాడని, చేపలు తీసుకున్నాం కదా అని ధీమాగా కూర్చుండిపోయాడని, తను తిన్న ముద్దనే ఎర వేసి సొంత అన్నని పట్టించానని.

ఆయన ఒడ్డుకి వెళ్లలేకపోతే, ఒకరోజు బడి అయ్యాక నేను వెళ్లాను. గడప బయటే నిలబెడుతుందనుకున్నాను. అక్క పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది. నేను ఏడుపు మొదలుపెట్టేసరికి చాల్లే అంది. గొంతులో కోపం కూడా లేదు.

“మీ బావ ఆ సీరియల్ సూసినాడమ్మా. నా పక్కనే కూకోని సూసినాడు. ఇంక మనోడి మెడ మీదకొచ్చింది, మళ్లీ సేపలు తిరిగొత్తే ఆడి ఉద్యోగం పోద్ది అన్నాడు. శనోరం పొద్దుట ఆయనే పెద్దవి ఏరినాడు. ‘అట్టుకెళ్లు, ఈసారి తీసుకుంతారు’ అన్నాడు. కుర్రోళ్లని ఇళ్లకి పంపేసి, డ్రమ్ములు మాత్రం కదపనివ్వలేదు. ఏదో ఒకటి దొరక్కపోతే మనోణ్ని వదల్రన్నాడు.”

నేను నోరు తెరిచేలోపే చెయ్యి పట్టుకుని, ఈ మాట తమ్ముడి చెవిన పడకూడదని ఒట్టు వేయించుకుంది. జైలుకి వెళ్తూ బావగారు చెప్పిన ఒకే ఒక్క మాట అదట. తెలిస్తే వాడు ఆ చొక్కా ఇంకో రోజు వేసుకోడు అన్నారట. ఆ చొక్కా కోసమే కదా ఇదంతా అంది అక్క.

మల్కాపురం బస్సులో కూర్చుని ఎటూ తేల్చుకోలేకపోయాను. చెబితే, మోసం చేశానన్న బాధ పోతుంది. దాని బదులు అన్న తన కోసం బేడీలు వేయించుకున్నాడన్న బాధ వస్తుంది. ఏది తక్కువ బరువో తూచడానికి నేనెవర్ని? పైగా ఒట్టు. ఇంటికి వచ్చేసరికి ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుని ఉన్నారు. నా ముఖంలోకి చూడకుండా అడిగారు.

“వదిన ఏటంది?”

ఏమీ అనలేదని, మజ్జిగ ఇచ్చిందని చెప్పాను.

ఆయన వంగి బూటు లేసులు విప్పారు.

“తిట్టుంటే బాగుణ్ను,” అన్నారు.