పెట్టె మూసేముందు ఆగిన వీడియోకాల్

నిరుడు తణుకులో నేను కాలు విరిగి మంచంలో ఉండగా, రామచంద్రపురంలో అమ్మ చనిపోయింది. పెట్టె మూసేముందు ముఖం చూపిస్తానని తమ్ముడు సమాధుల తోట నుంచి వీడియోకాల్ చేశాడు. పాస్టరుగారి ప్రార్థన మధ్యలో బొమ్మ ఆగిపోయింది. మా వీధిలో సెల్ సిగ్నల్ మాటలకే సరిపోతుంది. ఇంట్లో వైఫై ఇచ్చిన ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశాను.

"పోయిన నెల నుంచి మీ ప్లాన్‌కి లిమిట్ పెట్టామండి. అది అయిపోయింది," అందో అమ్మాయి.

"ఏడాదంతా అన్‌లిమిటెడ్ అని ఇచ్చి, చెప్పకుండా మధ్యలో ఎలా మారుస్తారండి? అక్కడ మా అమ్మని సమాధి చేసేస్తున్నారు!"

ఆ అమ్మాయి వెంటనే పాత ప్లాన్ వేయించింది. అప్పటికే మట్టి కప్పేశారు.

"అక్కా, అమ్మని చూశావా?" అన్నాడు తమ్ముడు ఏడుస్తూ.

చూశానన్నాను.

తర్వాత ఆ కంపెనీ మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి గెలిచాను. తమ్ముడికి మాత్రం నిజం ఇంకా చెప్పలేకపోతున్నాను.