ఆసుపత్రి దిబ్బ వేలం

డెబ్భైలలో నేను తిరువూరు ఆసుపత్రిలో నర్సుగా చేరేనాటికి, ఆసుపత్రి వెనక ఉన్న పెంటదిబ్బకు ఆ చుట్టుపక్కల మంచి పేరుండేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఆవరణలో రాలిన వేపాకు, కానుగాకు, వార్డులు ఊడ్చిన చెత్త, రోగుల్ని తెచ్చిన ఎడ్ల బండ్ల దగ్గర పోగైన పేడ, ఎడ్లు తినగా మిగిలిన గడ్డి, అన్నీ ఏడాది పొడుగునా అక్కడే మురిగేవి. ఎండాకాలం చివర, తొలకరికి ముందు, ఆసుపత్రి వరండాలో ఆ దిబ్బకు వేలం పెట్టేవారు. పాట ఎవరికి ఖాయమైతే వాళ్ళు బండ్లు కట్టుకుని ఎరువు తోలుకుపోయేవారు. ఆసుపత్రి ఎరువు పడిన మిరప తోట నల్లగా ఏపుగా లేస్తుందని రైతులు చెప్పుకునేవారు.

ఆ దిబ్బలో ఇంకా ఏమేం ఉండేవో రైతుల కంటే మాకు బాగా తెలుసు. అప్పట్లో సిరంజిలు గాజువి. సూదులు ఉడకబెట్టి మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళం. మొద్దుబారితే సానరాయి మీద నూరేవాళ్ళం. ఇక నూరినా లాభం లేని సూదులు, విరిగిన సూదులు, మూతి విరిచి మందు తీసుకున్న చిన్న చిన్న గాజు బుడ్లు, అన్నీ చెత్తబుట్టలోకి వెళ్ళేవి. బుట్ట దిబ్బ మీదికి వెళ్ళేది. నాకు ముందు వచ్చిన నర్సులూ అదే చేశారు, నా తరవాత వచ్చినవాళ్ళూ అదే చేసేవారేమో. చెత్తలో మళ్ళీ రకాలు ఉంటాయని అక్కడ ఎవరికీ తోచలేదు.

నాది బందరు వైపు. ఉప్పుగాలి తప్ప రాయీ రప్పా ఎరగని దాన్ని. తిరువూరు ఎండకు మొదటి వారంలోనే ఏడుపొచ్చింది. క్వార్టర్సు ఖాళీ లేవంటే ఆసుపత్రికి దగ్గర్లోనే ఒక ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ రైతు కుటుంబం మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఎ.కొండూరు దారిలో ఉన్న మిరప చేనుకు తానే యజమాని, తానే మొదటి కూలీ. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ మొదట్లో సిస్టరమ్మా అనేది. నాకు జ్వరం వచ్చి మూడు పూటలు ఆవిడ చేతి గంజి తాగాక అమ్మాయ్‌లోకి దిగింది. ఆ పిలుపు మా అమ్మ నోట కూడా అంత బాగుండేది కాదు, చెప్పకూడదు గానీ.

ఏటా దిబ్బ వేలంలో పాట ఆవిడదే. ఆవిడ వచ్చి వరండా మెట్టు మీద కూర్చుందంటే ఇంకెవరూ పోటీ పాడేవారు కాదు. తోలిన ఎరువును కూలీలతో కలిసి తానే చల్లేది. కాళ్ళకు చెప్పులుండేవి కావు. "పంట చేలోకి చెప్పులేసుకుని దిగుతారా ఎవరన్నా? భూదేవి ఊరుకుంటదా?" అనేది.

ఆవిడకు షుగరు జబ్బు ఉందని నేను చేరిన కొత్తలోనే కనిపెట్టాను. అరికాళ్ళు మొద్దుబారుతున్నాయని, నేల మీద నడుస్తున్నా దూది మీద నడిచినట్టుందని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆసుపత్రికి రమ్మన్నాను, పథ్యం చెప్పాను, చెప్పులు కొనుక్కోమన్నాను. అన్నిటికీ తలూపి ఒక్కటీ చెయ్యలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అదీ నా పరిస్థితి. వీధిలో వాళ్ళందరికీ నా మాట వేదం, ఇంట్లో మాత్రం నా మాటకు చింతాకంత విలువ ఉండేది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రోజూ ఆవిడతో పోట్లాడేదాన్ని.

మిరపకాయలు కోస్తున్న రోజులు. ఒక సాయంత్రం ఆవిడ చేను నుంచి వచ్చి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. వెనకే వెళ్ళిన నాకు గచ్చు మీద తడి అడుగులు కనిపించాయి. ఎడమ కాలి అడుగులు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ మాత్రం పొయ్యి రాజేస్తూ కూలీల ముచ్చట్లు చెబుతోంది.

"పిన్నిగారూ, కాలు చూపించండి," అన్నాను.

"ఏముందమ్మాయ్, తుమ్మముల్లు. పొద్దునెప్పుడో దిగింది. కూలీలకి కూడా చెప్పా," అని కాలు చీర కుచ్చిళ్ళలోకి లాక్కుంది.

కింద కూర్చుని కాలు పట్టుకోబోయాను. ఆవిడ వెనక్కి జరిగింది. "మా ఇంట్లో ఆడపిల్లల చేత కాళ్ళు పట్టించుకోరు. లే ముందు," అంది. ఎప్పుడూ లేనిది గట్టిగా అరిచినంత పని చేసింది. నేనూ తక్కువ తినలేదు. ఆడపిల్లనే గానీ మొండిదాన్ని కూడానని చెప్పి, ఆ కాలు లాగి ఒళ్ళో పెట్టుకున్నాను.

గాయంలో మిరప పొట్టు కూడా అంటుకుని ఉంది. మనకైతే ప్రాణం పోయేంత మంట. ఆవిడ మొహంలో ఏ కదలికా లేదు. నా సంచిలోంచి ఫోర్సెప్స్ తెచ్చి మెల్లగా లాగితే ఇనప ముక్క వచ్చింది. ఇంజక్షన్ సూది కొన. దాన్ని ఎన్నిసార్లు నూరి ఉంటామో నా వేళ్ళకు తెలుసు. దీపం దగ్గర పెట్టి చూస్తూ ఉండిపోయాను.

ఆవిడ అటు చూడకుండానే, "తుమ్మముల్లేగా," అంది.

అప్పుడర్థమైంది, ఆవిడకు ముందే తెలుసని. విరిగిన మిగతా సగం చేలోనే ఆవిడ చేతికి దొరికిందట. కొంగున ముడేసుకుని, ఎవరికీ చెప్పకుండా తెచ్చి పొయ్యిలో పారేసింది.

"ఎందుకు అబద్ధం చెప్పారు?" అని అరిచాను.

"అరవమాక. ఆసుపత్రి సూదని తెలిస్తే ముందు నిన్నే అంటారు. పరాయి ఊరి నుంచి వచ్చిన పిల్లవి. ముల్లనుకో, ఇక ఎవరి మీదా మాట రాదు."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కాలు పట్టుకునే ఏడ్చాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆవిడ నన్ను నవ్వించబోయింది గానీ నాకు నవ్వు రాలేదు.

షుగరున్న కాలు తొందరగా మానదు. పుండు లోపలికి దిగింది. ఒక వేలు నల్లబడసాగింది. డాక్టరుగారు చూసి, ఇలాగే ఉంటే బెజవాడ పంపాలి, అక్కడ కాలు ఎక్కడిదాకా తీసేస్తారో చెప్పలేమని నాతో అన్నారు. ఆవిడతో ఆ మాట నేను అనలేదు. రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు ఇంజక్షన్ ఇచ్చి, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని కడిగి కట్టు కట్టేదాన్ని. కట్టు కడుతున్నంతసేపూ ఆవిడ తన పెళ్ళినాటి సంగతులు, నెమలి ఊళ్ళో తిరునాళ్ళకు బండి కట్టుకుని వెళ్ళిన సంగతులు చెప్పేది. చెబుతూ చెబుతూ నా జుట్టు దువ్వి జడ వేసేది. ఒకరి తల ఒకరి చేతిలో, ఒకరి కాలు ఒకరి ఒళ్ళో. మమ్మల్నెవరైనా చూస్తే ఏమనుకునేవారో.

ఒకరోజు ఉండబట్టలేక డాక్టరుగారికి నిజం చెప్పేశాను.

"ముల్లని చెప్పిందిగా సిస్టర్?"

"చెప్పారు సార్. కానీ తీసింది నేను."

ఆయన మంచివాడు. ఆ తరవాత ఆ ఏటి వేలానికి కొత్త షరతులు తానే రాశారు. దిబ్బ పాడుకున్నవాళ్ళు ఆసుపత్రి ఆవరణ మూల లోతుగా గొయ్యి తవ్వించి, సిమెంటు వరలు దించి, చెయ్యి దూరనంత చిన్న కన్నం ఉన్న మూత వేయించాలి. ఇక మీదట సూదులు, గాజు ముక్కలు అందులోకే వెళ్తాయి. గొయ్యి నిండితే పైన సిమెంటు పోసి శాశ్వతంగా మూయించి, మరొకటి తవ్వించాలి. ఇప్పుడున్న దిబ్బను పొలాలకు తోలకూడదు, వేరే గోతిలో పూడ్చెయ్యాలి. కొత్త ఎరువు వచ్చే ఏడు నుంచి. ఆసుపత్రికి ఇందుకు నిధులు లేవు కాబట్టి ఇంతకన్నా దారి లేదన్నారు.

వేలం రోజున వరండా నిండా రైతులు. షరతులు చదవగానే ఒక్కొక్కరే కండువాలు దులుపుకుని లేచారు.

ఒకాయన మాత్రం నిలబడి, "ఇన్నేళ్ళూ లేని గొయ్యి ఇప్పుడెందుకండీ డాక్టరుగారూ? ఈ ఏడు ఎరువూ దక్కక, గొయ్యీ మేమే తవ్వుకుని, ఏం బావుకోవాలండీ?" అన్నాడు.

డాక్టరుగారు నా వంక చూశారు. చెప్పేద్దామని నేను ముందుకొచ్చాను. అంతలో ఆవరణలో ఆగిన బండిలోంచి, "నేను చెబుతా ఉండు," అని వినిపించింది. గడ్డి పరిచిన బండిలో కట్టు కట్టిన కాలు చాపుకుని పిన్నిగారు కూర్చుని ఉంది. మంచం దిగవద్దని పొద్దున్నే చెప్పి వచ్చాను. చెబితే వినే మనిషైతే కదా.

"నా కాల్లో దిగింది ముల్లు కాదు. ఈ దిబ్బలో సూది," అంది.

"మరి ముల్లన్నావుగా వదినా?" అన్నాడు ఆయన.

"అన్నా. ఈ పిల్ల మీద మాటొస్తదని అన్నా. ఇవాళ కూడా అట్టాగే అంటే రేపు మీ ఇళ్ళల్లో ఆడోళ్ళ కాళ్ళల్లో దిగుద్ది. నాకు దిగితే తియ్యటానికి ఈ పిల్లుంది. వాళ్ళకెవరున్నారు?" డాక్టరుగారి వైపు తిరిగింది. "పాట నాది. షరతులన్నిటికీ ఒప్పుకున్నా. రాసుకోండి."

నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

గొయ్యి తవ్వించే పని ఆవిడ బండిలో కూర్చునే చూసుకుంది. మొదటి బుట్టెడు సూదులు, గాజు ముక్కలు ఆ కన్నంలోంచి నేనే పోశాను. అవి అడుగున పడిన చప్పుడు విన్నాక గుండె మీంచి బరువు దిగింది. ఆ తొలకరికి తన చేలో దిగే కూలీలందరికీ చెప్పులు వేసుకోమని ఆవిడ చెప్పి పంపింది. అపచారం కదా అని ఒకామె గొణిగితే, "భూదేవికి నేను చెప్పుకుంటాలే, వేసుకోండి," అందట.

కాలు మెల్లమెల్లగా దారికొచ్చింది. నల్లబడిన వేలు పోయింది గానీ కాలు నిలిచింది. బెజవాడ వెళ్ళే పని లేకపోయింది. పుండు పూడి, ఆ చోటంతా లేత చర్మం పట్టింది. ఈలోగా ఆసుపత్రి క్వార్టర్సులో ఒకటి ఖాళీ అయింది. పిన్నిగారి కాలు మానాక వచ్చేస్తానని డాక్టరుగారితో చెప్పి ఉంచాను. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. విన్నరోజు నా కంచంలో అన్నం రెండుసార్లు వడ్డించింది.

ఒక పొద్దున్న కట్టు విప్పి చూశాను. ఇక కట్టాల్సిన పని లేదు. "ఇవాళ్టితో సరి పిన్నిగారూ. పూర్తిగా మానిపోయింది," అన్నాను.

ఆవిడ నా జడ అల్లడం ఆపింది. "ఇంకా నొప్పిగానే ఉందమ్మాయ్," అంది.

సూది దిగినా, కారం అంటినా, టించరు పోసినా తెలియని కాలు అది. ఆ సంగతి ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే.

"ఎక్కడ?" అన్నాను.

ఆవిడ వంగి, కాస్త వెతుక్కుని, లేత చర్మం మీద వేలు పెట్టింది. "ఇక్కడే."

కొత్త కట్టుగుడ్డ తీసి, మొదటిరోజు కట్టినంత జాగ్రత్తగా కట్టాను. ఆ పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళగానే, ఆ క్వార్టర్సు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని డాక్టరుగారికి చెప్పాను.