అన్న విమానమెక్కిన మరునాడు నేను ఇల్లు ఊడ్చాను

మా చిన్నప్పుడు... ఇంట్లోంచి ఎవరైనా ఊరికి బయలుదేరితే, వాళ్లు చేరేదాకా ఇల్లు ఊడ్చేవాళ్లం కాదు. ఊడిస్తే వాళ్ల అడుగులు కూడా ఊడ్చుకుపోయినట్టే అనేది మా అమ్మ. శంషాబాద్ సంతకు పోతే మధ్యాహ్నం దాకా... బండి కట్టుకుని పట్నం పోతే పొద్దుగూకేదాకా... రైలెక్కి ఢిల్లీ పోతే మూడు రోజులు చీపురు ముట్టరాదు.

విమానానికి ఎంతసేపు ఆగాలో మాత్రం ఊళ్లో ఎవరికీ తెలియదు.

మా మల్లేశన్న పట్నంలో ఒక దొర బంగళాలో వంట చేసేవాడు. దొర వైద్యానికి ఢిల్లీకి విమానంలో పోతూ, బయటి తిండి పడదని అన్నను కూడా తీసుకుపోయాడు. పోయేముందు అన్న ఇంటికి వచ్చాడు.

"పొద్దున ఎక్కితే పొద్దుగూకేటాళ్లకు ఢిల్లీల ఉంటనే అమ్మా. పరేషాన్ గాకు."

"నీకు తెల్వదు తీయ్ బిడ్డా. నేనైతే మూడొద్దులు చీపురు ముట్ట."

పక్కింటి రాజమ్మత్త ఊరుకుంటుందా... "నీ కొడుకు ఆకాశంల పోవట్టె. గాడ అడుగులేడుంటయే? ఊడ్చుకో జర, ఇల్లు దొడ్డిలెక్కయితది!"

నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. అన్న విమానమెక్కిన మరునాడు అమ్మ చేనుకు పోయింది. ఇంటినిండా జొన్న పొట్టు. అన్న నిన్ననే దిగి ఉంటాడు కదా అనుకుని, మూల మూలా ఊడ్చి చెత్త పెంటకుప్ప మీద పోసి వచ్చాను. అమ్మ మెచ్చుకుంటుందని గడపలోనే కూర్చున్నాను.

అమ్మ వచ్చి, నెత్తిమీది గంప కూడా దించకుండా నిలబడిపోయింది.

"ఎవరు ఊడ్చిండ్రే?"

"నేనే... అన్న నిన్ననే చేరిండు కదనే."

గంప అక్కడే పడేసి పెంటకుప్ప దగ్గరికి ఉరికింది. ఆ పొట్టూ దుమ్మూ చేతులతో ఎత్తి, కొంగులో పోసుకుని వచ్చి మళ్లీ ఇంట్లో చల్లింది...

పది రోజులకు అన్న రాయించిన కార్డు వచ్చింది. వాన పట్టి విమానాన్ని నాగపూర్‌లో దించారట. రాత్రి అక్కడే ఉండి, మరునాడు సాయంత్రానికి గానీ ఢిల్లీ చేరలేదట. అంటే నేను ఊడ్చేటప్పటికి అన్న ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆ ముక్క అమ్మ మళ్లీ మళ్లీ చదివించుకుంది.

ఆ తర్వాత కార్డు రాలేదు. రెండు నెలలకు దొర మనిషి బట్టల మూట తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. జ్వరం వచ్చి అన్న పోయాడట. దహనం కూడా అక్కడే కానిచ్చేశారట.

అమ్మ మళ్లీ ఎన్నడూ నా చేతికి చీపురు ఇవ్వలేదు. పెళ్లయి నేను అత్తాపూర్ వచ్చాక కూడా, మా ఇంటికి వస్తే చీపురు నా చేతిలోంచి తీసుకుని తనే ఊడ్చేది. ఆమె పోయేదాకా అంతే.

ఇప్పుడు విమానాలు మా ఊరి పక్కనే దిగుతున్నాయి. మనవరాలు నెలకోసారి ఢిల్లీ పోతుంది. "రెండు గంటలేనే నానమ్మా, జర కన్ను మూసి తెరిస్తే దిగుడే" అంటుంది. నన్ను కూడా రమ్మంటుంది. రెండు గంటలే... పోయి ఎక్కడ నిలబడాలి? ఏ ఒడ్డున కాల్చారో ఆ దొర మనిషి చెప్పలేదు, అమ్మ అడగలేదు.

ఆ రోజుల్లో మీ ఇళ్లలో ఎవరైనా ఢిల్లీకి పోయి అక్కడే చనిపోయి ఉంటే... మన దిక్కువాళ్లను ఎక్కడ సాగనంపేవాళ్లో తెలిస్తే, జర కింద రాయండి.