నిలబడే వీలులేని సీటు

వత్సవాయి నుంచి జగ్గయ్యపేట వచ్చే బస్సులో మా నాన్న సీట్లో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. కూర్చున్నాక మా ఊరి ఆసామి ఎక్కితే లేవాలి, ఆ నిలబడేదేదో ముందే నిలబడితే పోలా అనేవాడు. నాన్న ఆ ఆసామి దగ్గరే పాలేరు. నాకు ఒళ్ళు మండేది.

ఎనభైల్లో నా ఉద్యోగం హైదరాబాదు నుంచి బొంబాయికి మారింది. నాన్నను కూడా తీసుకెళ్తూ, విమానంలోనే వెళ్దామని పట్టుబట్టాను. నిలబడి ప్రయాణం చేయనివ్వని బండి అదొక్కటే కదా! ఆయన ఒక్కసారైనా తన నంబరున్న సీట్లో వెనక్కి వాలి కూర్చోవడం చూడాలి. నా కోరికల్లా అదే.

మెట్లెక్కబోతూ నాన్న రెక్క కిందికి వంగి చూశాడు.

"ఇంజన్లు నేలకి ఇంత దగ్గరగా పెట్టారేంటమ్మాయ్, గడ్డీగాదం పీల్చుకోవూ?"

లోపల అటు మూడు సీట్లు, ఇటు మూడు, మధ్యన ఒకటే సన్నటి దారి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదగాల్సిందే. నాన్నను కిటికీ పక్కన కూర్చోబెట్టి బెల్టు నేనే పెట్టాను. మోకాళ్ళు ముందు సీటుకు తగులుతున్నాయి. పైన సామాన్ల అర ఎంత కిందికుందంటే, అక్కడ మనిషి నిటారుగా నిలబడలేడు. అది చూసి నాకు మహా సంతోషమైంది.

అంతలో మా ఆసామి ఎక్కాడు, మిర్చి బేరానికి బొంబాయి వెళ్తూ. వయసులో నాన్నకంటే చిన్నవాడు. నాన్న దిగ్గున లేవబోయాడు. బెల్టు నడుం దగ్గర పట్టేసింది. లేవలేక, కూర్చోలేక గింజుకున్నాడు. చెయ్యి పట్టి లాగినా వినలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, కొట్టి నేర్పింది.

"ఏరా, నువ్వూ ఎక్కావా?" ఆసామి నవ్వాడు. "కూర్చోరా, కూర్చో. ఇక్కడ పర్లేదులే."

విమానం వేగమందుకుని ముక్కు పైకెత్తింది. అందరి వీపులూ సీట్లకు అతుక్కుపోయాయి. నాన్న మాత్రం ముందు సీటు పట్టుకుని వంగే ఉన్నాడు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన దూది చేతిలోనే ఉండిపోయింది. మబ్బులు చూడమంటే చూడడు. బొంబాయి దాకా ఆయన చూపు ముందు వరసలోని ఆసామి తల మీదే.

దిగాక అడిగాను, "సీటు సుఖంగా ఉందా నాన్నా?"

"ఉందమ్మాయ్," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "బాబుగారే కూర్చోమన్నారు గదా!"