పెద్దమ్మ దవడ పన్ను

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను టెక్కలిలో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. విశాఖ ఆసుపత్రి నుంచి తమ్ముడు చేశాడు. "పెద్దమ్మ ఎల్లిపోనాదక్కా" అన్నాడు. సరే అన్నాను. పైకి వెళ్లి బల్ల తుడుచుకుని, కంప్యూటరు ఆన్ చేసి, ముందురోజు మిగిలిన పని కొంత పూర్తి చేశాను. పక్క సీటావిడ "ఏటైనాది, అలగున్నావు?" అని అడిగాక గానీ ఎవరికీ చెప్పలేదు. విని ఆవిడ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ మనది కానట్టుంటుంది చూడండి, ఒళ్లంతా అలా ఉంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. కవిటి దగ్గర మా ఊరి బళ్లో టీచరుగా చేసి రిటైరైంది. పిల్లలు లేరు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక జీడితోట అడ్డం, అంతే. నేనూ తమ్ముడూ ఏ ఇంట్లో ఆకలేస్తే ఆ ఇంట్లో తిని పెరిగాం. పెదనాన్న కిడ్నీ జబ్బుతో పోయాడు. మా ఉద్దానంలో కిడ్నీలు పోయిన మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. ఎందుకు పోతున్నాయో, ఇదీ కారణమని ఇంకా ఎవరూ తేల్చలేదు. డయాలసిస్ కోసం ఆయన్ని ఆటోలో పలాస తీసుకెళ్లడం, తీసుకురావడం, ఏళ్ల తరబడి అదే ఆవిడ బతుకైపోయింది. ఆయన పోయాక ఆ కాపలా అంతా మా మీదికి తిప్పింది.

ఆదివారం చర్చికి అందరికంటే ముందు వెళ్లి మెట్ల మీద కూర్చునేది. ప్రార్థన మీద అంత ఆత్రం అనుకునేరు. చెప్పులు విప్పుకునేది అక్కడే కదా, వచ్చినవాళ్ల కాళ్లు చూడొచ్చని. "వందనాలు టీచరమ్మా" అంటే "వందనాలు, కాలు ఇటెట్టు" అనేది. చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి తీసేది. నీరు పట్టి నొక్కిన చోట గుంట పడిందా, ఇక పాస్టరుగారి ప్రసంగం వాళ్ల చెవికెక్కేది కాదు. "రేపే రక్తం తియ్యించు, ఎల్లుండి అనకు" అని వెంటపడేది. పెళ్లికొచ్చిన అల్లుళ్ల కాళ్లు కూడా వదల్లేదు. ఎదురుపడ్డ వాళ్లని అన్నం తిన్నావా అని అడుగుతారు ఎవరైనా. ఈవిడ "నీ క్రియాటిన్ ఎంత?" అని రక్తపరీక్షలో వచ్చే కిడ్నీ లెక్క అడిగేది. మేం నవ్వుకునేవాళ్లం. కానీ తమ్ముడికి చిన్న వయసులోనే బీపీ ఉందనీ, కిడ్నీ అప్పుడప్పుడే దెబ్బతింటోందనీ బయటపడింది ఆవిడ బొటనవేలి వల్లే. వాడు ఇవాళ మందులు వేసుకుంటూ నిక్షేపంగా బస్సు నడుపుతున్నాడు. ఆ రుణం ఎలా చెప్పుకోవాలో నాకు తెలియదు.

నొప్పి మాత్రలంటే ఆవిడకు పాముని చూసినట్టే. మా ఇంటికి చుట్టాలొస్తే మాటల్లో పెట్టి వాళ్ల సంచి తడిమేది. మాత్ర దొరికితే పొయ్యిలోకే. "నొప్పి ఓర్సుకుంటే పోతాది. కిడ్నీ పోతే మరి రాదు" అనేది. ఆ భయం వట్టిదేమీ కాదు. ఇష్టమొచ్చినట్టు వాడితే కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీని తినేస్తాయని డాక్టర్లూ చెబుతారు. వాళ్లు "చూసి వాడండి" అంటే మా ఊళ్లు "అసలు ముట్టకండి" అని విన్నాయి. మోకాళ్లు పట్టేసినా, నడుం విరిగినా పళ్లు బిగించి కూర్చుంటారు. పెద్దమ్మకైతే బిగించాల్సిన పన్నే చెడిపోయింది.

కింది దవడలో వెనక పన్ను. బుగ్గ బన్ను ముక్కలా ఉబ్బింది. లవంగం నొక్కిపెట్టుకుంది. ఉప్పునీళ్లు పుక్కిలించింది, అదీ ఒక్క చుక్క లోపలికి పోకుండా, ఉప్పు కూడా కిడ్నీకి పడదని. తట్టుకోలేక ఒకసారి అమ్మని తోడు తీసుకుని పలాసలో పంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. చీము పట్టింది, పన్ను తీసేయాలి, ముందు ఈ మందులు వాడి రండి అన్నాడాయన. "ఇందల నొప్పి బిళ్ల ఉన్నాదేటి?" అని అడిగిందట. ఉందమ్మా అన్నాడు. "అయితే పన్నునే ఉండనీ" అని లేచి వచ్చేసింది. మాది ఉద్దానం, నాకు ఈ భయం ఉంది అని ఒక్క మాట అంటే ఆయన వేరే మందు రాసేవాడే. ఆవిడ అనలేదు, ఆయన అడగలేదు.

కొన్నాళ్లకు నొప్పి దానంతటదే పోయింది. తను గెలిచినట్టు పెద్దమ్మ ఊరంతా తిరిగి చెప్పుకుంది. "సూసారా, ఓర్సుకుంటే పోనాది!" పన్ను లోపల నరం చచ్చిపోతే నొప్పి తెలియదని, చీము మాత్రం ఎక్కడికీ పోదని అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఆ తరవాత సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తిండి తగ్గింది, జాకెట్లు వదులైపోయాయి. చర్చిలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆవిడే. అలాంటిది చరణం సగంలో ఆయాసపడి ఆగిపోతే మిగతాది మేం పాడేవాళ్లం. మా వైపు మనిషి నీరసపడితే ఎవరైనా అనుకునేది ఒకటే. తమ్ముడు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాడు. క్రియాటిన్ మామూలుగానే ఉంది. ఆ కాగితం పట్టుకుని ఆవిడ పడ్డ సంబరం చెప్పలేను. జీడిపప్పు వేసి పాయసం వండి, చుట్టుపక్కల వాళ్లని పిలిచి మరీ పోసింది. మేమంతా హమ్మయ్య అనుకున్నాం. జ్వరం మాత్రం ఆ సాయంత్రం కూడా వచ్చింది.

ఆ జ్వరం ఎంతకీ వదలక విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ గుండెకు ఎకో స్కాన్ తీసిన డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న "ఈ మధ్య పళ్ల నొప్పి ఏమైనా వచ్చిందా?" అని. గుండె చూడమంటే పళ్లు అడుగుతుందేమిటని మేం మొహాలు చూసుకున్నాం. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అందరి నోళ్లలోనూ సూక్ష్మజీవులు ఉంటాయట. చిగుళ్లు గట్టిగా ఉన్నంతకాలం వాటి పాటికవి ఉంటాయి. చిగురు వాచి చీము పడితే నమిలినప్పుడూ పళ్లు తోముకున్నప్పుడూ కొన్ని రక్తంలోకి జారుకుంటాయి. బాగున్న గుండెలో అవి సాధారణంగా నిలవలేవు. గుండెలో కవాటం ముందే దెబ్బతిని ఉంటే మాత్రం దానికి అతుక్కుని గూడు కట్టుకుంటాయి. చిన్నప్పుడు పెద్దమ్మకు కీళ్లు వాచి చాలాకాలం జ్వరం కాసిందని అమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. అలాంటి జ్వరం గుండెనీ తాకుతుందని, కవాటం మీద మచ్చ ఆ నాటిదే అయ్యుంటుందని డాక్టరమ్మ అంది. మిగతావాళ్లకూ పనికొస్తుందని మరో మాట చెప్పింది: చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండె జబ్బులు, షుగరు ఎక్కువగా కనబడుతున్నాయని, దేనివల్ల ఏదో పూర్తిగా తేలలేదు గానీ, నోరు వేరు ఒళ్లు వేరు అనుకోవద్దని.

పెద్దమ్మ అంతా విని, "మరి నా కిడ్నీలెలగున్నాయి?" అంది.

"కిడ్నీలు బాగున్నాయమ్మా."

పెద్దమ్మ నవ్వింది. మంచం మీద సూదులతో పడుకుని, నిజంగా సంతోషంగా నవ్వింది. "సాల్లెండి. గుండెకేటి, మందులెట్టండి" అంది.

పెట్టారు. వారాల తరబడి నరంలోకి ఎక్కించాల్సిన మందు. జ్వరం దిగింది, రెండు ముద్దలు తినగలిగింది, పక్క మంచం ఆవిడని కాళ్లు చూపించమంది. ఇంటికి తీసుకెళ్లిపోవచ్చని మేం బట్టలు కూడా సర్దుకున్నాం. అప్పుడు ఆ కవాటం మీది గూడులోంచి ఒక ముక్క ఊడి మెదడుకు వెళ్లింది. మాట పడిపోయింది. కుడి చెయ్యి పడిపోయింది. ఆ తరవాత ఎక్కువ కాలం లేదు.

మట్టి వేసినప్పుడు కూడా నేను ఏడవలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాను, నీళ్లు అందించాను. ఆవిడ ఎలా పోయిందని అందరూ అడిగారు. పన్ను వల్ల అంటే ఎవరూ నమ్మలేదు. "పన్నుకి మనిసి పోతాదేటే!" అన్నారు. నమ్మకపోయినా చెబుతూనే ఉన్నాను. మీక్కూడా అందుకే చెబుతున్నాను. మా ప్రాణాలన్నీ కాపలా కాసిన మనిషి తన నోటిని వదిలేసింది. శత్రువు ఒక్క దారినే వస్తాడని ఆవిడ ఆ దారికే అడ్డం కూర్చుంది. నాకు ఆవిడ మీద కోపం రావాలి. రావడం లేదు. ఏదీ రావడం లేదు.

పోయినవాళ్ల ఇంటివారిని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికనాడు ప్రార్థన అయ్యాక మా వాకిట్లో భోజనాలు పెట్టాం. నేను కూర వడ్డిస్తున్నాను. అమ్మ అన్నాన్ని మెత్తగా పిసుక్కుని ఎడమవైపే నములుతోంది.

"ఏటమ్మా, కుడేపు నమల్లేవేటి?"

"ఏటీ లేదే. అప్పుడెప్పుడో నొప్పి సేసినాది. తగ్గిపోనాది."

తగ్గిపోయింది అన్న మాట వినగానే గరిటె నా చేతిలో ఆగిపోయింది. మరి ఎవరికీ వడ్డించలేదు.

మర్నాడు అమ్మని పలాస తీసుకెళ్లాను. పెద్దమ్మ వెళ్లిన ఆ డాక్టరు దగ్గరికే. లోపలికి వెళ్తూనే "మాది ఉద్దానం సార్, మాకు కిడ్నీల భయం. దానికి సరిపడే మందే రాయండి" అన్నాను. "అలాగేనమ్మా, పడే మందులున్నాయి" అన్నాడాయన. బీపీ, షుగరు, గుండె సంగతి, క్రియాటిన్, అన్నీ అడిగి తెలుసుకున్నాడు. అమ్మని కుర్చీలో పడుకోబెట్టి దీపం కిందికి లాగాడు. అమ్మ పెదాలు బిగించుకుని నా వైపు చూసింది. మొహం అచ్చం వాళ్లక్కలా ఉంది.

"నోరు తెరవండమ్మా. నొప్పి పుడితే చెయ్యెత్తండి, నేను ఆపేస్తాను."

అమ్మ కళ్లు మూసుకుని నోరు తెరిచింది. మరుక్షణం చెయ్యెత్తింది. డాక్టరు ఇంకా దేన్నీ ముట్టుకోలేదు. అద్దం ఆయన చేతిలోనే ఉంది. "నేనింకా ఏమీ చెయ్యలేదమ్మా" అన్నాడు నెమ్మదిగా. అమ్మ నోరు ముయ్యలేదు, చెయ్యీ దించలేదు.