అల్లుడు గీసిన ప్లాను

పొయ్యి ఆర్పేసి దగ్గరికి జరిగి కూర్చోండి. ఒక్క కాగితంతో నేను మా పుట్టినూరు నల్లమాడలో మా నాయన పరువు మొత్తం తవ్వి గుంతలో వేయబోయిన వైనం చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ మధ్యలో లేవొద్దు.

మాకు పెళ్లయిన కొత్త. సెల్‌ఫోను ఇంకా అందరి చేతికీ రాలేదు. బెంగళూరులో కంప్యూటరు ప్రోగ్రాములు రాసీ రాసీ మా ఆయన ఆ ఏడు ఒక మెట్టెక్కాడు. ఇకనుంచి ఆర్కిటెక్టునన్నాడు. నాకు తెలిసిన ఆర్కిటెక్టు అనంతపురంలో ఇళ్లకు ప్లాన్లు గీసే ఆయనొక్కడే. మనిషి ఇన్నాళ్లకు పదిమందికీ అర్థమయ్యే పనిలో పడ్డాడని మురిసిపోయి, బూత్‌కు పోయి నాయనకు ఫోను చేశాను.

నాయన అప్పుడే కొత్త ఇల్లు మొదలుపెట్టబోతున్నాడు. నా మాట వినగానే దస్తగిరి మేస్త్రీ వేసిన ప్లాను పక్కనపెట్టి, మా అల్లుడే గీస్తాడని ఊరంతా చెప్పేశాడట.

ఆ సంగతి మా ఆయనకు చెబితే, తల ఎత్తకుండా "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"కు వినలేదని అర్థం. నాకప్పటికి ఆ భాష రాలేదు. ఆదివారం సినిమాకు పోదామంటే కూడా కదలకుండా, పెద్ద కాగితం పరిచి గళ్లు గీస్తూ కూర్చున్నాడు. గడి నుంచి గడికి బాణాలు, నడుమ డ్రమ్ములాంటిదొకటి, పైన మేఘం. మామ కోసం సెలవునాడు కూడా ఎంత కష్టపడుతున్నాడో అని నా కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన స్నానానికి పోగానే కాగితం చుట్టి, ఊరికి బయల్దేరిన మా పిన్ని చేతిలో పెట్టాను.

నాలుగైదు రోజులకు ఆయన ఆ కాగితం కోసం ఇల్లు తలకిందులు చేశాడు. గర్వంగా చెప్పాను. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. నల్లమాడకు ఫోను చేస్తే, పునాదులు తవ్వుతున్నారన్నారు.

మేం పోయేసరికి సగం ఊరు అక్కడే ఉంది. గదుల పునాదులన్నీ పోట్లాడుకున్న తోడికోడళ్లలా దేనికది దూరంగా ఉన్నాయి. నడుమ, డ్రమ్ము గీసిన చోట, బావి అంత గుండ్రటి గుంత. నాయన అందరికీ కాగితం చూపిస్తున్నాడు.

"వాన పడాలని ఇంటిపైన మేఘం గూడా గీసినాడు చూడప్పా. ఏ ఇంజనీరుకు తడతాది ఈ ఆలోచన?"

దస్తగిరి మా ఆయన దగ్గరికొచ్చాడు.

"అన్నా, బాణాలు పోయిన చోటంతా నడవలు పెట్టినా. అంతా బాగుండాది. వంటిల్లు యాడుండాదో అదొక్కటే కనపడల్యా."

మా ఆయన నాయన చేతిలోని కాగితం అందుకున్నాడు.

"మామా, ఇది ఇల్లు కాదు."

"మరేంది?"

"బ్యాంకు. కంప్యూటర్లో వాళ్ల దుడ్లు యాడినుంచి యాడికి పోవాలో గీసుకున్యా. మీ బిడ్డ పంపిచ్చింది."

అందరూ నావైపు తిరిగారు. నేను ఆ గుండ్రటి గుంతలో పడతానా పట్టనా అని చూసుకుంటున్నాను. నాయన భుజం మీద తువ్వాలు సర్దుకుని జనం వైపు తిరిగాడు.

"ఇన్నారు గదా. మీ అల్లుళ్లు మహా అయితే ఇల్లు కట్టిస్తారు. మావోడు ఏకంగా బ్యాంకే కట్టిస్తాండాడు."

ముందు నవ్వింది దస్తగిరి. తర్వాత ఊరు ఊరంతా. గుంతలు పూడ్చి, దస్తగిరి తన పాత ప్లాను ప్రకారమే చక్కటి ఇల్లు కట్టి ఇచ్చాడు. కానీ ఆ ఇంటికి బ్యాంకన్న పేరు నిలిచిపోయింది. ఈనాటికీ కొత్తవాళ్లు నల్లమాడలో బస్సు దిగి బ్యాంకు యాడని అడిగితే, సగం మంది మా పుట్టింటికే దారి చూపిస్తారు.

అందుకే ఒట్టు పెట్టుకున్నాను. మా ఆయన గీసింది ముగ్గే అయినా సరే, ఇంకెప్పుడూ గడప దాటించను.

మీరు చల్లగా ఉండాలి. మీ ఇంట ఎన్ని గదులున్నా అన్నింటా నవ్వులు వినపడాలి, వంటింట్లో రోజూ పొయ్యి వెలగాలి.