బల్బు ఎర్రబడితే మురిసిపోయిన మనిషి

మొన్న బుధవారం కొంటాలో మా బాబాయి పోయారు. కరెంటు ఉండగానే పోయారు. కబురు విన్నవాళ్లంతా ముందు ఆ మాటే అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను.

ఆయనకు బజారులో పిండి మర ఉండేది. సాయంత్రం బల్బు ఎర్రబడి ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే మేం విసుక్కునేవాళ్లం, ఆయన మురిసిపోయేవారు. "ఎవరో కొత్త ఫ్రిజ్ కొన్నరు. కరెంటు గుంజుతున్నదంటే ఊరు లేస్తున్నట్టే. దేశమైనా గంతే" అనేవారు. ఎర్రబోరులో పెళ్లికి వెళ్లినా ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగి, కొత్తగా ఎవరెవరు మోటార్లు పెట్టారో కనుక్కున్నాకే పందిట్లోకి వచ్చేవారు. వేసవిలో మర, ఐసు మిషను, వెల్డింగు కొట్టు ఒక్కసారే నడిస్తే ఫ్యూజు పోయేది. ముగ్గురికీ వంతులు పెట్టింది ఆయనే. ఎవరూ ఒప్పుకోని మండుటెండ వేళను తన వంతుకు ఉంచుకున్నారు.

ఏళ్ల తరబడి పిండి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు నిరుడు మొరాయించాయి. మరను బజారులోనే ఇంకొకరికి అమ్మేశారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను ఇంటికొచ్చింది. అది ఆగితే ఏమవుతుందో డాక్టరు చెప్పకపోయినా మాకు తెలుసు. ఆనాటి నుంచి బల్బు కాస్త తగ్గితే చాలు, చేస్తున్న పని వదిలేసి మిషను దగ్గరికి పరుగెత్తేదాన్ని. వోల్టేజి పడితే మిషను కూత పెట్టేది. ఆ కూతకు పిన్ని ఎక్కడున్నది అక్కడే కూలబడేది.

ఎండలు ముదిరాక బజారువాళ్లు తమంతట తామే మోటార్లు ఆపేశారు. నాకు ప్రాణం కుదుటపడింది. బాబాయికి రెండో రోజే అనుమానం వచ్చింది.

"మర సప్పుడు ఇనబడ్తలేదు, ఏందమ్మా?"

"మీ కోసమే ఆపిన్రు బాబాయ్."

"నా ఒక్కడి ఊపిరికి బజారంత చేతులు కట్టుకొని కూసుంటదా? పోయి నడపమను."

నేను కదల్లేదు. ఆయన ముక్కు దగ్గరి గొట్టం పీకబోయారు. ఇక వెళ్లి చెప్పక తప్పలేదు. నేను తిరిగొచ్చేసరికి మర మొదలైంది, బల్బు ఎర్రబడింది. ఆయన నవ్వాలనే చూశారు కానీ, నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"భయమైతుందమ్మా," అన్నారు. "అయినా నడవనియ్యి."

ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

బుధవారం పొద్దున ఊపిరి ఆగింది. అంత్యక్రియలు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి గదిలో మిషను నడుస్తూనే ఉంది. ఇన్నాళ్లూ అది ఆగిపోతుందేమోనని వణికినవాళ్లం, స్విచ్చు మీద చెయ్యి వేయడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు. ఖాళీ మంచం మీద, దిండు పక్కన పడివున్న గొట్టంలోంచి గాలి వస్తూనే ఉంది.